మా సీనుగాడి నిద్ర, నాలుగు వైర్లు, కొంచెం ఉప్పు పేస్టు

నమస్కారం అండి అందరికీ. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా... ఆ, సరే. ఆ ఫ్యాన్ ఒక్కటి కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి కొడుతోంది.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు, వెటర్నరీ అసలే కాదు. ఈఈజీ టెక్నీషియన్ని. 22 ఏళ్లుగా మనుషుల తలలకి వైర్లు అంటించడమే నా పని, రోజుకి ఆరేడు తలలు, నూనె రాసుకొచ్చినవి, జడ విప్పమంటే విప్పనివి, అన్నీ చూశా. మరి కుక్కల మీటింగుకి నన్నెందుకు పిలిచారంటే మా సీను వల్ల. సీను మా లాబ్రడార్. వాడికి రెండేళ్లు దాటిన కొత్తలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి హాల్లో ఏదో దబదబా కొడుతున్న చప్పుడు, లేచి లైటేస్తే వాడు పక్కకి పడి నాలుగు కాళ్లూ బిగబట్టి కొట్టుకుంటున్నాడు, నోట్లో నురగ, కింద తడి. మా అత్తయ్య పరిగెత్తుకొచ్చి వాడి కాళ్ల దగ్గర తాళాలగుత్తి పెట్టేశారు, గోల విని వచ్చిన పక్కింటి ఆంటీ ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టమంటుంది. ఇన్నేళ్లలో కొన్ని వందల ఫిట్స్ నా కళ్లముందే వచ్చాయండి, టైము చూడాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, నోట్లో చెయ్యి పెట్టకూడదు, ఇవన్నీ నేను జూనియర్స్ కి నేర్పే పాఠాలే, కానీ ఆరోజు నేను నేల మీద కూర్చుని ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేదు.

మర్నాడు వెటర్నరీ డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఫిట్ వచ్చినప్పుడు మెలకువగా ఉన్నాడా, పడుకుని ఉన్నాడా?" అని. నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది, ఎందుకంటే మేం మనుషుల్ని అడిగేదీ అదే. పడుకునే ఉన్నాడండి అన్నా. అయితే ఇది మామూలుగా కనిపించే పద్ధతే అన్నారాయన. కుక్కల్లో ఇడియోపతిక్ ఎపిలెప్సీ అంటారే, అంటే మెదడులో గడ్డా లేక, ఇన్ఫెక్షనూ లేక, రక్తంలో ఏ తేడా లేక వచ్చే మూర్ఛ, అది ఎక్కువగా 6 నెలల నుంచి 6 ఏళ్ల లోపు మొదలవుతుంది, చాలా కుక్కల్లో ఫిట్ వచ్చేది విశ్రాంతిగా ఉన్నప్పుడో నిద్రలోనో. కుక్కల్లో వందకి ఒకటికి కొంచెం తక్కువే ఈ జబ్బు ఉన్నవి, కానీ నరాల జబ్బుల్లో మాత్రం కుక్కలకి ఎక్కువగా వచ్చేవాటిలో ఇదొకటి.

ఈరోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే. ఫిట్ వచ్చిన రెండు నిమిషాలు అందరం చూస్తాం, కానీ జబ్బు ఆ రెండు నిమిషాల్లో లేదు, మిగతా ఇరవై మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాల్లో ఉంది, అందులోనూ నిద్రలో ఎక్కువ బయటపడుతుంది.

ఈఈజీ అంటే ఏంటో ఒక్క నిమిషంలో చెప్తా. మెదడు కణాలు కొన్ని లక్షలు ఒకేసారి మాట్లాడుకుంటే పుట్టే చిన్న కరెంటుని తల పైనుంచి పట్టుకోవడం, అంతే. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే సైకియాట్రిస్టు మొదటిసారి మనిషి తల మీద నుంచి రికార్డ్ చేశాడు, ఐదేళ్ల దాకా ఎవరికీ చెప్పకుండా దాచుకుని 1929లో పేపర్ వేశాడు. ఆ కరెంటు ఎంత చిన్నదంటే, గుండె ఈసీజీ ఒక మిల్లీవోల్ట్ లెక్కలో ఉంటే ఇది దానికి పదో వంతు, ఒక్కోసారి వందో వంతు. పక్కన ఎవరైనా సెల్ ఛార్జర్ పెట్టినా లైన్ పాడైపోతుంది. అందుకే మేం ఓపీలో ప్రతివాళ్ల మీదా అరుస్తూ ఉంటాం, తిట్టుకోకండి.

ఇప్పుడు కుక్క తల సంగతి. నాకు ముందు తెలీలేదు ఇది ఎంత వేరో. మనిషికి నుదురు పైన చర్మం, కింద ఎముక, కింద మెదడు, దాదాపు ఖాళీ స్థలమే, ఎక్కడ పెట్టినా మెదడు మాట వినపడుతుంది. కుక్క తల మీద చెయ్యి వేసి చూడండి, కళ్లకీ చెవులకీ మధ్య రెండు పక్కలా గట్టిగా తగిలేది కండ. ఎముకలు కొరకడానికి దవడ కావాలి కదా, ఆ దవడ కండ పైదాకా పాకేసి మెదడుని దుప్పటిలా కప్పేసి ఉంటుంది, అది ఒక్కసారి బిగిస్తే వచ్చే కరెంటు ముందు మెదడు కరెంటు ఎంతండీ, పెళ్లి బ్యాండ్ పక్కన దోమ రొద. ముందువైపు పెడదామంటే అక్కడ సైనస్ అని గాలి గదులు. పైగా జాతికో పుర్రె, పగ్ తల ఒకలా, డాబర్మన్ తల ఒకలా. ఇంక చెవులు. మనుషులు చెవులు కదపరు, అది మనకి దేవుడిచ్చిన వరం, నాకు ఇన్నేళ్లకి అర్థమైంది.

సీనుకి నేను ఒకసారి ట్రై చేశా, చెప్తే నవ్వుతారు. డాక్టర్ గారి పర్మిషన్ తో, ఆయన ఎదురుగానే, ఆదివారం మధ్యాహ్నం, పాత పోర్టబుల్ మిషన్ ఒకటి అడిగి తెచ్చుకుని నాలుగు కప్ ఎలక్ట్రోడ్లు, మేం వాడే కండక్టివ్ పేస్టు. ఆ పేస్టులో ఉప్పు ఉంటుంది, కరెంటు పారాలంటే ఉండాలి. వాడు పంజాతో మొదటి ఎలక్ట్రోడ్ పీకి నాకాడు. నచ్చింది. ఇంక చూస్కోండి, నేను తలకి పెట్టడం వాడు లాగి నాకడం, మధ్యలో గొప్ప సంతోషంగా తోక ఊపడం. చివరికి బ్యాండేజి చుట్టి ఎలాగో నలభై నిమిషాలు తీశా, ఇంటికెళ్లి చూసుకుంటే పేజీలన్నీ నల్లగా, అంతా దవడ కండా, నాలుకా, ఒగర్పూ. ఓ మూడు నిమిషాలు మాత్రం వాడు నిజంగా కునుకు తీశాడు, ఆ మూడు నిమిషాల్లో లైన్లు ఒక్కసారి శుభ్రపడి పెద్దపెద్ద మెల్లటి అలలు వచ్చాయి. మనిషి గాఢ నిద్రలో ఎలా ఉంటాయో అచ్చం అలాగే. నేను అలా చూస్తూ ఉండిపోయా.

ఆ తర్వాత చదివితే తెలిసింది, ఇదే పని పద్ధతిగా చేసి చూపించినవాళ్లు ఉన్నారని. హంగరీలో బుడాపెస్ట్ లో ఓట్వోస్ లోరాండ్ యూనివర్సిటీ వాళ్లు 2014లో పేపర్ వేశారు, మత్తు ఇవ్వకుండా, సూదులు గుచ్చకుండా, పైపైన ఎలక్ట్రోడ్లు అంటించి పెంపుడు కుక్కల నిద్ర కొలవడం. తల మధ్య గీత మీద పెట్టారు, అక్కడ కండ తక్కువ కాబట్టి. కళ్ల పక్కన ఒకటి, కంటి కదలికలకి. అన్నిటికన్నా పెద్ద కిటుకు ఏంటంటే యజమానిని పక్కన పరుపు మీద కూర్చోబెట్టడం, వాళ్లు పుస్తకం చదువుకుంటూ ఉంటారు, కుక్క మధ్యాహ్నం మూడు గంటలు అక్కడే పడుకుంటుంది. అదే గుంపు తర్వాత ఇంకో పని చేసింది, హంగేరియన్ లో కూర్చో, పడుకో నేర్చిన కుక్కలకి అవే మాటలు ఇంగ్లీషులో నేర్పి నిద్రపుచ్చి చూశారు, నేర్చుకున్నాక పడుకున్న కుక్క మెదడు అలలు నేర్చుకోకుండా పడుకున్నదానికి తేడాగా వచ్చాయి. మన దగ్గర కుక్కలన్నీ ముందునుంచే ఇంగ్లీషులోనే సిట్ అంటే కూర్చుంటాయి కాబట్టి మనం తెలుగులో నేర్పాలేమో ప్రయోగానికి.

సరే, నిద్రకి ఫిట్స్ కి సంబంధం ఏంటి. మన పెద్దవాళ్లు విద్యార్థి లక్షణాలు చెప్తూ శ్వాననిద్ర అన్నారు, కుక్కలా పడుకోవాలి, ఆకు కదిలితే లేవాలి అని. చూసి చెప్పిన మాటే అది, కుక్క మనలా ఏకబిగిన ఏడెనిమిది గంటలు పడుకోదు, ఇరవై నిమిషాలకోసారి నిద్రా మెలకువా మారుతూ రోజంతా ముక్కలుముక్కలుగా పడుకుంటుంది. కానీ ఆ ముక్కలోనూ మనకున్న దశలే ఉన్నాయి, మగత, గాఢనిద్ర, కలలొచ్చే రెమ్ నిద్ర.

మెలకువగా ఉన్న మెదడు రైతుబజార్ లాంటిదనుకోండి, ఎవరి గోల వాళ్లది, టమాటా వాడు ఒకటి అరుస్తాడు, ఆకుకూరలామె ఇంకోటి, బయటనుంచి వింటే సన్నటి రొద తప్ప ఏమీ తెలీదు. గాఢనిద్ర భజన లాంటిది. అందరూ ఒకే తాళానికి చప్పట్లు కొడతారు, అందుకే అలలు పెద్దవిగా మెల్లగా కనిపిస్తాయి. ఇప్పుడు రైతుబజార్లో ఒకడికి పిచ్చెక్కి అరిస్తే ఎవడూ పట్టించుకోడు, కలిసిపోతుంది. భజనలో ఒకడు తాళం తప్పి గట్టిగా కొట్టాడా, పక్కవాడూ వాడి పక్కవాడూ ఆ తప్పు తాళంలోకే వెళ్లిపోతారు. మూర్ఛ ఉన్న మెదడులో అలా తాళం తప్పే గుంపు ఒకటి ఉంటుంది, అది కొట్టే దెబ్బని మేం స్పైక్ అంటాం, సెకన్లో ఇరవయ్యో వంతు ఉంటుందేమో, కాగితం మీద ముల్లులా కనిపిస్తుంది. గాఢనిద్రలో, మగతలో ఈ ముళ్లు ఎక్కువ. రెమ్ లోకి వెళ్తే మళ్లీ బజార్ గోల మొదలవుతుంది కాబట్టి తగ్గుతాయి. మనుషుల్లో ఇది దశాబ్దాలుగా తెలుసు, అందుకే పేషెంట్లని రాత్రి తక్కువ పడుకుని రమ్మంటాం, టేబుల్ మీద నిద్రపోవాలని. కుక్కల్లోనూ ఇదే దారి. ఫిట్ రాని రోజున కూడా, కుక్క హాయిగా పడుకున్నప్పుడు కూడా, ఆ ముల్లు దొరకొచ్చు, దొరికితే అది సాక్ష్యం.

ఎంత పెద్ద సాక్ష్యమంటే, 2015లో ప్రపంచంలో వెటర్నరీ ఎపిలెప్సీ నిపుణులంతా కలిసి ఒక పద్ధతి రాసుకున్నారు, కుక్కకి ఇడియోపతిక్ ఎపిలెప్సీ అని ఎంత గట్టిగా చెప్పొచ్చో దానికి మూడు మెట్లు పెట్టారు. మొదటి మెట్టు వయసు, ఫిట్స్ చరిత్ర, ఒంటి పరీక్ష, రక్తం, మూత్రం. రెండోది ఎంఆర్ఐ, వెన్ను నీరు. మూడోది, పై మెట్టు, ఈఈజీ. నా ఉద్యోగం పై మెట్టు మీద ఉందని చూసి కొంచెం గర్వపడ్డా, తర్వాత ఆ మెట్టు దాకా ఎన్ని కుక్కలు ఎక్కుతున్నాయని ఆలోచిస్తే దిగులేసింది.

కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ వెటర్నరీ కాలేజీ వాళ్లు వైర్లెస్ ఈఈజీ, వీడియో రెండూ కలిపి, మత్తు లేకుండా దాదాపు 80 కుక్కలకి చేసి 2017లో రాశారు. వాళ్లు చర్మం కింద సన్నటి వైర్లు పెడతారు, డబ్బా వీపు మీద జాకెట్లో ఉంటుంది, కుక్క గదిలో తిరుగుతూ ఉంటుంది. మత్తు ఎందుకు వద్దంటే, మత్తులో వచ్చే నిద్ర నిద్ర కాదు, మందు గీసిన బొమ్మ అది, అందులో కొన్ని అలలు చూసి నిజమో అబద్ధమో తేల్చుకోవడం పెద్ద తలనొప్పి. మనుషుల్లో చిన్న పిల్లలకి తప్పక ఇస్తాం గానీ నాకెప్పుడూ అయిష్టమే.

వీడియో ఎందుకు కావాలో ఇంకో కథ చెప్తా, నాకు చాలా ఇష్టమైన కథ ఇది. రొడీషియన్ రిడ్జ్ బ్యాక్ అని వీపు మీద వెంట్రుకలు ఎదురు తిరిగి ఉండే పెద్ద వేటకుక్క ఉంది కదా, ఆ జాతిలో కొన్ని పిల్లలు ప్రశాంతంగా పడుకోబోతున్నప్పుడు, ఆ మగతలో, ఉలిక్కిపడినట్టు జర్క్ ఇచ్చేవి. చూసినవాళ్లు కల అనుకుంటారు, దడుచుకుంది అనుకుంటారు. జర్మనీలో మ్యూనిక్ వాళ్లు వైర్లెస్ ఈఈజీ, వీడియో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతి జర్క్ కీ లైన్లో సెకనుకి నాలుగైదు చొప్పున స్పైకులు. అది ఉలికిపాటు కాదు, మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే జర్కులుగా వచ్చే మూర్ఛ. ఫిన్లాండ్ వాళ్లతో కలిసి జీన్ కూడా పట్టేశారు, డిరాస్1 అని, 2017లో వచ్చింది. కొన్నిటికి వెలుతురు మెరుపులకి కూడా జర్కులు వచ్చేవి. మనుషుల్లో జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అని ఉంది, పొద్దున్నే టీ కప్పు చేతిలోంచి ఎగిరిపోయే పిల్లలు, అది చూసిన నాకు ఈ కుక్కపిల్లలు కొత్తగా అనిపించలేదు.

ఉల్టా కథ కూడా ఉంది. నిద్రలో కాళ్లు ఆడించే ప్రతి కుక్కకీ ఫిట్స్ ఉన్నాయనుకోవద్దు. రెమ్ లో కళ్లు కదులుతాయి, మూతి అదురుతుంది, చిన్నగా కుయ్ మంటాయి, కాళ్లు పరిగెత్తినట్టు ఆడతాయి, అది కల, పిలిస్తే లేస్తాయి, లేచాక మామూలే. ఫిట్ అయితే పిలిచినా లేవదు, ఒళ్లు కట్టెలా బిగుస్తుంది, మూత్రం పోవచ్చు, అయిపోయాక గోడలకి గుద్దుకుంటూ తిరుగుతుంది, పిచ్చి ఆకలి, కాసేపు మనల్ని గుర్తుపట్టదు. మధ్యలో ఇంకోటి ఉంది, రెమ్ లో ఒంటి కండలన్నీ వదులైపోవాలి, కొన్ని కుక్కల్లో ఆ స్విచ్ పడదు, అప్పుడు కలలో పరిగెత్తడం నిజంగా పరిగెత్తడమే, వెళ్లి గోడకి కొట్టుకుంటాయి, కరుస్తాయి కూడా. కళ్లతో చూస్తే ఫిట్స్ కీ దానికీ తేడా చెప్పడం చాలా కష్టం. ఈఈజీ పెడితే ఒక్క చూపు.

అన్నిటికన్నా ముందుకెళ్లినవాళ్లు అమెరికాలో. మిన్నెసోటా, పెన్సిల్వేనియా యూనివర్సిటీలు, మేయో క్లినిక్ వాళ్లు కలిసి, సహజంగానే ఎపిలెప్సీ ఉన్న కుక్కలకి ఆపరేషన్ చేసి మెదడు పైనే ఎలక్ట్రోడ్లు, మొత్తం 16, పెట్టి నెలల తరబడి, కొన్నిటికి ఏడాది పైన, ఆపకుండా రికార్డ్ చేశారు. 2011లో మొదటి పేపర్ వచ్చింది. ఆ డేటా 2014లో అందరికీ ఇచ్చి పోటీ పెట్టారు, కాగిల్ అని ఆన్లైన్లో డేటా పోటీలు పెట్టే చోటు, మన సాఫ్ట్వేర్ పిల్లలకి తెలుసు కదా, అందులో, ఐదు కుక్కలు, ఇద్దరు మనుషులు. ప్రశ్న ఏంటంటే ఈ పది నిమిషాల ముక్క ఫిట్ కి ముందు గంటలోదా, మామూలు రోజుదా చెప్పండి అని. ఐదొందల పైన టీములు ఆడాయి. గుడ్డిగా ఊహించినదానికన్నా బాగా చెప్పగలిగారు, అంటే ఫిట్ ఉరుములేని పిడుగేం కాదు, ముందే మబ్బు పడుతుంది, మనకి కనపడదు అంతే. ఆ నెలల రికార్డుల్లోంచే ఇంకోటి బయటపడింది, ఫిట్స్ కి రోజు లెక్క ఒకటి, వారం నెల లాంటి లెక్కలు కొన్ని, ఉన్న కుక్కలు ఉన్నాయని. మా అత్తయ్య అమావాస్యకి వస్తుందంటే నేను విసుక్కునేదాన్ని, అమావాస్య సంగతి నాకు తెలీదు గానీ లెక్క అనేది ఉంటుందంటే ఇప్పుడు విసుక్కోను.

ఇన్ని కథలు ఎందుకు చెప్పానంటే, ఇప్పుడు మందు పనిచేస్తోందా లేదా అని మనం ఎలా తేలుస్తున్నాం? మీరు నెలకి ఎన్ని ఫిట్స్ చూశారో చెప్తే డాక్టర్ గారు మాత్ర పెంచుతారు, తగ్గిస్తారు. మీరు ఆఫీసుకెళ్లినప్పుడు వచ్చింది లెక్కలో లేదు. రాత్రి రెండింటికి వచ్చింది లెక్కలో లేదు. మనుషుల్లోనే, మెదడులో మిషన్ పెట్టి కొలిస్తే పేషెంట్లు చెప్పిన లెక్కకీ మిషన్ లెక్కకీ పొంతన లేదని మెల్బోర్న్ లో 15 మంది మీద చేసిన స్టడీలో, 2013లో, తేలింది. కాలర్ కి కట్టే కదలికల సెన్సార్ తో కుక్కల ఫిట్స్ పట్టొచ్చా అని అమెరికాలో చూస్తే సుమారు ఐదింట ఒకటే పట్టింది. కాబట్టి ఆన్లైన్లో ఫిట్స్ అలారం అని కనిపించిందల్లా కొనేయకండి.

మందుల్లో ఒక్కదాని గురించి చెప్తా, మీ ఇళ్లల్లో ఉన్నదే, గార్డినాల్, అంటే ఫినోబార్బిటోన్. 1912లో జర్మనీలో హాప్ట్మన్ అనే కుర్ర డాక్టరు దీన్ని మూర్ఛ రోగులకి నిద్రపట్టడానికి ఇచ్చి, ఫిట్స్ కూడా తగ్గాయేంటని గమనించాడు. నిద్రమాత్రగా మొదలైన మందు నూటపదేళ్లు దాటినా కుక్కలకి మొదటి మందుగానే నడుస్తోంది. మొదట్లో కుక్క తూలుతుంది, తెగ తింటుంది, తెగ తాగుతుంది, తెగ పడుకుంటుంది, రెండు వారాలకి కొంచెం సర్దుకుంటుంది. దీనివల్ల నిద్ర రకం కూడా మారుతుంది, రెమ్ తగ్గుతుంది, కాబట్టి "మందేసినప్పటినుంచి కలల్లో పరిగెత్తడం మానేశాడు" అని ఎవరైనా అంటే నేను ఆశ్చర్యపోను. మీ అంతట మీరు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి, ఠక్కున ఆపితే ఫిట్స్ వరసగా వస్తాయి.

మన దగ్గర ఇంకో తిరకాసు. ఇక్కడ కుక్కకి ఫిట్స్ అంటే ముందు డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కాదని తేల్చుకోవాలి, ముఖ్యంగా టీకా పడని పిల్లకి, వీధిలోంచి తెచ్చినదానికి. ఒకే కాలు, ఒకే దవడ నిద్రలో కూడా లయగా అదురుతుంటే డాక్టర్ కి తప్పకుండా చెప్పండి. టీకా లేని కుక్క తేడాగా ప్రవర్తిస్తూ ఫిట్స్ తెచ్చుకుంటే రేబిస్ అనే అనుమానం కూడా ఉండాలి, నోటి దగ్గరికి వెళ్లకండి.

ఈఈజీ మిషన్ మీ అందరికీ దొరకదు, నిజం. ఫోన్ ఉంది కదా. ఒక పాత ఫోన్ నైట్ మోడ్ లో కుక్క పడుకునే చోటు వైపు పెట్టండి. ఫిట్ తీసేటప్పుడు మొహం ఒక్కటే కాదు, ఒళ్లంతా కనపడాలి, పేరు పెట్టి పిలవండి, పలికిందా లేదా వీడియోలో వినపడాలి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండు వచ్చినా ఆగకుండా హాస్పిటల్ కి. డైరీలో టైము రాయండి, ముందు పడుకున్నాడా లేచాడా రాయండి, ముందురోజు నిద్ర సరిగ్గా ఉందా రాయండి. సీను డైరీ మూడేళ్లది నా దగ్గరుంది, 31 ఫిట్స్, అందులో 24 నిద్రలోంచే వచ్చాయి. ఒక్క కుక్క లెక్క అది, దాన్నిబట్టి ఎవరూ ఏమీ తేల్చకండి, కానీ మా డాక్టర్ గారు రాత్రి మాత్ర వేసే టైము మార్చింది ఆ డైరీ చూసే.

ప్రశ్నలా? అడగండి. ఆ... ఏంటమ్మా? దీపావళికి ఏం చెయ్యాలి అంటున్నారు. బాగా అడిగారు. టపాకాయలు భయం ఒకటి, ఆ రాత్రంతా నిద్ర లేకపోవడం ఇంకోటి, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. మేమైతే లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ ఫుల్ లో పెట్టి, నేనో మా ఆయనో వాడి పక్కనే పడుకుంటాం, మర్నాడు ఎవరూ వాణ్ణి లేపరు, పాలవాడు బెల్లు కొట్టకుండా సంచీ గేటుకే కడతాం. భయం మరీ ఎక్కువైతే ముందే డాక్టర్ ని కలవండి, పండగ రోజు సాయంత్రం కాదు.

వెనక బాబు ఏదో... ఇంట్లో మనమే ఈఈజీ పెట్టుకోవచ్చా అని. చిన్న హెడ్ బ్యాండ్లు మనుషులకి వస్తున్నాయి కదా, అవి కుక్కకి పెట్టి చూద్దామని. పెట్టు నాన్నా, దవడ కండ బాగా రికార్డ్ అవుతుంది. కాకపోతే మా సీనుని అడిగితే పేస్టు ఉన్నదే కొనమంటాడు.